ఎనభై పైసల బోర్డు

అక్క ఒక బోర్డు పూర్తి చేయడానికి ఎంతసేపు పడుతుందో నా చేతి గడియారం పెట్టి చూశాను. పొద్దున ఎనిమిదికి, కడుపులో ఇంత ఉగ్గాని పడ్డాక, కరెంటు నిలకడగా ఉన్నప్పుడు.

"ఏందిరా, పరుగుపందెం పెట్టినట్ల చూస్తాండావు?" అంది అక్క తల ఎత్తకుండానే.

"నువ్వు చెయ్యక్కా, నేను లెక్క చూసుకుంటాండా."

తొమ్మిది నిమిషాలు పట్టింది. ఆ తొమ్మిది నిమిషాలను నమ్ముకొని హైదరాబాదు కంపెనీకి రేటు రాసి పంపాను: బోర్డుకు ఎనభై పైసలు.

మాది ఆళ్లగడ్డ. నాయన మిషన్ బడిలో అయ్యవారు. అమ్మ అక్క పెళ్లికి ముందే పోయింది. డెబ్బైల చివర్లో నేను నంద్యాలకు వచ్చి ఒక రేడియో షాపులో పని నేర్చుకున్నాను. అక్క అప్పటికే నంద్యాలలో ఉండేది. బావ రైసుమిల్లులో మూటలు మోసేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. నేను వాళ్లింట్లోనే తిని, వాళ్లింట్లోనే పడుకొని పెద్దవాణ్ణయ్యాను. సాయంత్రాలు నేను ఇంటికి తెచ్చుకున్న పాత రేడియోలు విప్పుతుంటే అక్క పక్కన కూర్చొని చూసేది. చూసి చూసి ఒకరోజు నా చేతిలోంచి సీసం కరిగించే ఐరన్ లాక్కొని తెగిన తీగ అతికింది. నేను అతికిన దానికంటే శుభ్రంగా ఉంది.

కొన్నేళ్లకు ఊర్లోకి టీవీలు వచ్చాయి. మా కరెంటు సంగతి తెలిసిందే కదా, టీవీ కొన్నవాడు స్టెబిలైజరు కూడా కొనాల్సిందే. హైదరాబాదులో ఒక కంపెనీ ఆ స్టెబిలైజర్ల లోపలి బోర్డులను బయట చేయించుకుంటుందని తెలిసి నేను పోయి అడిగాను. అరచేయంత పలక. ఒకవైపు రాగి గీతలు. సన్నని రంధ్రాల్లో రెసిస్టర్లు, కెపాసిటర్ల కాళ్లు దూర్చి, వెనకనుంచి సీసం తీగ కరిగించి అతకాలి. ఒక్కో బోర్డుకు అరవై అతుకులు. సామాను వాళ్లది. చేతులూ, సీసమూ, కరెంటూ మావి.

రైసుమిల్లు వెనక ఒక గది బాడుగకు తీసుకున్నాను. రోజుకు ఎనిమిది రూపాయల కూలితో ముగ్గురు ఆడపిల్లలను పెట్టుకున్నాను. వాళ్లకు పని నేర్పింది అక్క. అక్కకు కూలి ఏమీ అనుకోలేదు. లాభం వచ్చినప్పుడు చూసుకుందాంలే అన్నాను. ఆమె కూడా సరే అంది.

తొమ్మిది నిమిషాలకు ఒకటంటే మనిషి రోజుకు యాభై బోర్డులు దింపాలి. ముప్పై దాటలేదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఐరన్లు మళ్లీ కాగేదాకా చేతులు కట్టుకొని కూర్చోవాలి. సామాను కాళ్లు వంచడం, అతికాక మిగిలిన కొసలు కత్తిరించడం, స్పిరిట్‌తో తుడవడం, ఒక్కో అతుకూ వెలుతురుకు పెట్టి చూడడం, ఇవేవీ నేను గడియారం పెట్టి చూడలేదు. మధ్యాహ్నం మూడు దాటితే మెడలు పట్టుకుపోయి అదే బోర్డుకు పదిహేను నిమిషాలు పట్టేది. సీసం తీగకే బోర్డుకు ముప్పై పైసలు పోయేవి. నేను రేటు రాసినప్పుడు సీసాన్ని చిల్లర ఖర్చు అనుకున్నాను.

మొదటి లాటు మూడు వందల బోర్డులు ట్రంకుపెట్టెలో పాత పేపర్ల మధ్య పేర్చుకొని కర్నూలు మీదుగా బస్సులో తీసుకపోయాను. నలభై ఒకటి తిప్పి పంపారు. వాటిలో తొమ్మిది ఇక బాగుచేయడానికి వీల్లేకుండా రాగి గీతలు లేచిపోయినవి. ఒక్కోదానికి సామాను కింద పదిహేను రూపాయలు పట్టుకున్నారు. ఒక్క బోర్డు పాడైతే పంతొమ్మిది బోర్డుల పని ఊరికే చేసినట్టు.

తప్పు ఎక్కడుందో అక్కే కనిపెట్టింది. తిప్పి పంపిన బోర్డులు వరసగా పెట్టుకొని చూసి, "ఇవి ఫ్యాను కింద కూర్చున్నోళ్ల బోర్డులురా అబ్బీ. గాలికి అతుకు పట్టకముందే ఆరిపోతాంది" అంది. ఆ రోజునుంచి ఫ్యాను ఆపేశాము. కిటికీ తెరుద్దామంటే మిల్లులోంచి ఊకదుమ్ము వచ్చి బోర్డుల మీద పడేది. అందుకని కిటికీ కూడా మూసేశాము. ఎండాకాలం నంద్యాలలో, రేకుల కప్పు కింద, నాలుగు ఐరన్లు కాగుతున్న గది అది.

సీసం తీగ లోపల బంకలాంటిది ఉంటుంది. అతికేటప్పుడు అది కాలి తెల్లటి పొగ సన్నగా పైకి లేస్తుంది. గుగ్గిలం వాసనలాగా ఉంటుంది, మొదట బాగానే ఉంటుంది. బోర్డు మీదికి వంగి పనిచేసేవాళ్ల ముక్కుల్లోకి తిన్నగా పోతుంది. అక్క చూపు కొంచెం మందం కాబట్టి అందరికంటే ఎక్కువ వంగేది.

వెనక్కి వచ్చే బోర్డులు తగ్గాయి. అక్కకు దగ్గు మొదలైంది.

ఒక సాయంత్రం బావ మిల్లు దిగి, తలగుడ్డ విప్పుకుంటూ వచ్చి గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎప్పుడూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"ఏమప్పా, మీ అక్క దగ్గు ఆదివారం యాడికి పోతాది?"

"ఏంది బావా?"

"ఆదివారం గుళ్లో బాగనే పాడుతాది. సోమవారం సందేళకు మళ్ల పిల్లికూతలు. నువ్వు గమనించలేదా?"

"లేదు బావా" అన్నాను.

గమనించాను. వారం వారం గమనించాను. శనివారానికి ఆమె మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేది. సోమవారం పొద్దున బాగుండేది కాబట్టి సోమవారం పొద్దున నా మనసు కూడా బాగుండేది.

డాక్టరు దగ్గరికి తీసుకపోయాను. ఆయన వీపు మీద గొట్టం పెట్టి విని, ఏం పని చేస్తున్నావని అడిగాడు. అక్క చెప్పింది. "ఆ పొగకు దూరంగా ఉండమ్మా. మందు తరవాత సంగతి" అన్నాడు. బయటికి వచ్చాక నేను బజారులో పొగను బయటికి లాగే ఫ్యాను ధర అడిగాను. షాపువాడు నాలుగు వందలు చెప్పాడు. నాలుగు వందలంటే ఐదు వందల బోర్డులు అని నా తల వెంటనే లెక్క కట్టింది. అప్పుడు నా తల అన్నిటినీ బోర్డుల్లోనే లెక్క కట్టేది.

"ఈ లాటు ఒక్కటి పోనీక్కా. దుడ్లు రాంగనే ఫ్యాను పెట్టిస్తా" అన్నాను.

అక్క నా ముఖం చూసింది. "సరేలే" అని రిక్షా ఎక్కింది.

ఆ లాటులో ఇంకా రెండు వందల బోర్డులు ఉండగా, ఒక మధ్యాహ్నం అక్క చేతిలోంచి ఐరన్ జారి బల్ల మీద పడింది. చెక్క కాలుతున్న వాసన వచ్చేదాకా మాకెవరికీ తెలియలేదు. తలెత్తి చూస్తే ఆమె రెండు చేతులూ బల్లకు ఆనించి, భుజాలు పైకి ఎత్తి, నోరు తెరిచి ఉంది. గాలి లోపలికి పోవడం లేదు. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఆడపిల్లల్లో ఒకతి పరుగెత్తి రిక్షా తెచ్చింది. దారంతా అక్క నా మోకాలు పట్టుకొనే ఉంది. గోళ్లు దిగాయి. ఆస్పత్రిలో సూది వేశాక, చాలాసేపటికి, ఊపిరి కుదుటపడింది.

బావ వచ్చాడు. నేను ఆమెను ఆయనకు అప్పజెప్పి గదికి తిరిగి వచ్చాను. ఆమె సగంలో వదిలిన బోర్డు బల్ల మీద ఉంది. కూర్చొని దాన్ని పూర్తి చేశాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్లూ.

మూడోరోజు బావ ఆమెను ఆళ్లగడ్డ బస్సు ఎక్కించాడు. "ఈడ వద్దప్పా ఇంక" అన్నాడు నాతో. అంతే.

లాటు పూర్తిచేసి హైదరాబాదు పోయాను. రేటు పెంచమని అడగాలి. కంపెనీలో కొనుగోళ్లు చూసే పెద్దాయన నన్ను కూర్చోబెట్టి, ఒక పాత బిల్లు తిరగేసి, పెన్ను తీశాడు.

"మీకు ఒక బోర్డుకు ఎంత పడుతోందో చెప్పండి. ఒక్కొక్కటే."

చెబుతూ పోయాను. కూలి, సీసం, స్పిరిట్, కరెంటు, బాడుగ, బస్సు. ఆయన ఇంకా అడిగాడు. కరెంటు లేని గంటలకు కూలి ఇస్తారా? ఇస్తాను. అరిగిన ఐరన్ ముక్కులు నెలకు ఎన్ని? వెనక్కి వచ్చినవి బాగుచేసేది ఎవరు?

"మా అక్క సార్. పొద్దుగూకినాక ఇంట్లో కూర్చొని చేస్తాంది. చేస్తాండె."

"ఆమె జీతం ఎంత వేశారు?"

"అక్క కదా సార్. ఏమీ ఇయ్యలేదు."

ఆయన పెన్ను ఆపాడు. "అందరికంటే బాగా చేసే మనిషి ఆమేనా?"

"ఆమే సార్."

"అయితే ఇన్ని నెలలూ మీరు నాకు చెప్పిన రేటే తప్పు బాబూ. ఆమె జీతం మా కంపెనీ తినేసింది, మీ చేత్తో" అన్నాడు. గొంతులో కోపం లేదు. మొత్తం కూడితే బోర్డుకు రెండు రూపాయలకు దగ్గరగా వచ్చింది. ఆ కాగితం నాకే ఇచ్చేశాడు. ఆ రేటు తాము ఇవ్వలేమనీ, కరిగిన సీసం తొట్టిలో బోర్డును ఒక్కసారి ముంచితే అరవై అతుకులూ పడే మిషను వస్తోందనీ, ఇక బయట పని ఇవ్వడం ఉండదనీ చెప్పాడు.

గది ఖాళీ చేశాను. ముగ్గురు ఆడపిల్లలకు బాకీ తీర్చాను. ఐరన్లూ బల్లలూ అమ్మి, అక్క పనిచేసిన రోజులు లెక్కబెట్టి, రోజుకు ఎనిమిది రూపాయల చొప్పున ఆ డబ్బు తీసుకొని ఆళ్లగడ్డ పోయాను. అక్క వసారాలో మంచం మీద దిండుకు ఆనుకొని ఉంది. వంటింట్లో పొయ్యి వెలిగిస్తే ఆమెను బయటికి తేవాల్సి వచ్చేది. వద్దంటుందని అనుకున్నాను, ఎందుకురా ఇదంతా అని ఏడుస్తుందనీ అనుకున్నాను. ఆమె నోట్లు తీసుకొని ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"తక్కువుండాది" అంది.

"లేదక్కా, రోజులన్నీ లెక్కేసినా."

"సందేళ ఇంట్లో చేసినవి వెయ్యలేదు నువ్వు." మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంది. "వచ్చే నెల తెచ్చియ్యి."

తెచ్చి ఇచ్చాను. అదీ తీసుకుంది. ఆ డబ్బుతో బావ ఆమెకు కిరసనాయిలు స్టవ్వు కొని తెచ్చాడు. దాని వాసన కూడా పడలేదు.

రెండేళ్లు బతికింది. బావ ప్రతి శనివారం మిల్లు దిగి బస్సెక్కి వచ్చేవాడు, సోమవారం తెల్లారి పోయేవాడు. రెండో చలికాలంలో, ఒక బుధవారం పొద్దున, సూది వేసే మనిషి కోసం నాయన పోయి వచ్చేలోపలే అయిపోయింది. బావ గానీ నేను గానీ అక్కడ లేము.

పాతిపెట్టి వచ్చాక అందరూ వెళ్లిపోయారు. బావా నేనూ బస్టాండు దాకా నడిచాము. ఆయన తలగుడ్డ తీసి, మడిచి, మళ్లీ కట్టుకున్నాడు.

"మీ అమ్మకు గూడ ఆయాసం ఉండేదంట గదప్పా?" అన్నాడు. నా వైపు చూడలేదు.

"మా అమ్మకు ఎప్పుడూ లేదు బావా" అన్నాను. ఈసారి నిజమే చెప్పాను.

ఆయన తల ఊపాడు. నంద్యాల బస్సు వచ్చింది. ఆయన ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. పక్క సీటు ఖాళీగానే ఉంది గానీ, నేను తరవాతి బస్సుకు పోయాను.