అతుకు పక్కన స్టూలు

2007 జూన్‌లో ఒక సోమవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు గోదావరిఖనిలో మా గనిలో బొగ్గు మోసే బెల్టు ఎప్పటిలాగే కదిలింది. బెల్టులు అతికే షెడ్డుకు నేను ఇంజనీరుగా వచ్చి అప్పటికి రెండేళ్లు. మేము తయారుచేసిన కొత్త తెర ఆ రోజే బెల్టు మీదికి ఎక్కింది.

బొగ్గులో బూడిద శాతం కొలిచే యంత్రం ఒకటి ఆ బెల్టు మీద ఉండేది. అందులో చిన్న రేడియోధార్మిక మూలకం ఉంటుంది. కిరణాలు బయటికి రాకుండా దాని చుట్టూ వేలాడే సీసపు రబ్బరు తెర బొగ్గు పెళ్లలు తగిలి ఊరికే చిరిగేది. గట్టి షీటు మనమే చేసుకోవాలని పైనుంచి ఆదేశం వచ్చింది. రబ్బరులో బిస్మత్ అనే బరువైన లోహపు పొడి ఎక్కువ కలిపితే కిరణాలు ఆగేవి, షీటు పెళుసయ్యేది. తక్కువ కలిపితే షీటు గట్టిగా ఉండేది, కిరణాలు దాటేవి. ఏడు నెలల ప్రయత్నాల తర్వాత, పొడి కలిపిన రెండు పొరల మధ్య నైలాన్ గుడ్డ పెట్టి అచ్చులో ఉడికిస్తే, లాగి చూసే పరీక్షలోనూ కిరణాల పరీక్షలోనూ షీటు నిలిచింది.

అచ్చు చిన్నది. రెండు ముక్కలు అతకాల్సి వచ్చింది. ఆ పని సామేలన్న చేశాడు. బెల్టులు అతకడంలో ముప్పై ఏళ్ల సర్వీసు ఆయనది. బెల్టుకు చేసినట్టే అంచులు మెట్లుగా కోసి, గీకి, మామూలు జిగురు రబ్బరు నింపాడు.

"ఏనుగుతోని గుంజిపిచ్చినా ఇడువదు సారు," అన్నాడు.

లాగి చూశాం. విడవలేదు. కిరణాల మీటరు మాత్రం షీటు మధ్యలోనే పెట్టి చూశాం. గీకిన చోట పొడి పొర పోయిందని, నింపిన రబ్బరులో పొడే లేదని నాకు తట్టలేదు.

సామేలన్నకు మోకాళ్ల నొప్పులు. బెల్టు కాపలా డ్యూటీ ఇచ్చి, తెర ఉంది కనుక భయం లేదని స్టూలు దాని పక్కనే వేయించాను. ఐదు నెలలు అక్కడే కూర్చున్నాడు. ఆ తర్వాత యంత్రం మెకానిక్ చొక్కాకు పెట్టుకునే, ఒంటికి తగిలిన కిరణాలు కొలిచే బ్యాడ్జీలో లెక్క పెరిగి వచ్చింది. మీటరు పట్టుకుని తెరంతా వెతికాను. ముల్లు అతుకు దగ్గర లేచింది. స్టూలు అక్కడే ఉంది. సామేలన్నకు బ్యాడ్జీ ఇవ్వలేదు కాబట్టి ఆయనకెంత తగిలిందో తెలిసే దారి లేదు.

ఆయన్ని పిలిచి అతుకు మీద మీటరు పెట్టి చూపించాను.

"నేను అతికిన సందులకెల్లే వచ్చిందా సారు?"

అవునన్నాను. స్టూలు అక్కడ వేయించింది నేనేనని కూడా చెప్పాను. నివేదికలో రెండూ రాశాను.

మూడేళ్లకు రక్త క్యాన్సర్‌తో పోయాడు. దానికీ దీనికీ సంబంధం ఉందని గాని లేదని గాని చెప్పలేమని దవాఖాన డాక్టరు అన్నాడు. నేనూ చెప్పలేను. లాగితే విడవని అతుకు కిరణాన్ని ఆపుతుందని అనుకోకూడదు. అవి రెండు వేరు పరీక్షలు, అతుకు మీద కూడా రెండూ చేయాలి. నేను నేర్చుకున్నది ఇంతే.

తర్వాత పెద్ద అచ్చు తెప్పించాం. ఆ షెడ్డులో ఇప్పుడు తెర షీటుకు అతుకు వేయరు.