డ్రెస్సింగ్ రూమ్ గోడమీద గీతలు

కరోనా వచ్చిన ఏడాది నేను ఐర్లండ్‌లో, కాజిల్‌బార్ అనే ఊరి చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి ముసలివాళ్లకు స్నానం చేయించి, బట్టలు మార్చే కేరర్‌ని. ఒక ఇంట్లో ఎనభై దాటిన పెద్దాయన, ఆయన చెల్లెలు ఉండేవాళ్లు. వయసులో ఉండగా ఆయన అమెరికాలో ఒక మిల్లు ఊరి బేస్‌బాల్ టీమ్‌కు జీతం మీద ఆడాడు. పిచర్, అంటే మన క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు.

నేను వీపు రుద్దుతుంటే ఆ టీమ్ చరిత్ర చెప్పేవాడు. అంతా కొట్లాటలే. ఒకసారి రెండు టీమ్‌లూ మైదానంలోకి ఉరికి, మేకుల బూట్లతో ఒకరినొకరు తొక్కుకున్నారట. వాళ్ల కెప్టెన్ ఎదుటివాడి చెవి కొరికి, ఆ ముక్క గడ్డిలో ఉమ్మేసి, మళ్లీ వెళ్లి ఆడాడట. కొత్తగా చేరిన ప్రతి పిచరూ ఒకణ్ణయినా బంతితో తలమీద కొట్టాలి. పడ్డవాడికొక గీత చొప్పున డ్రెస్సింగ్ రూమ్ గోడమీద మేకుతో గీసేవాళ్లు.

"మీవెన్ని గీతలు?" అని అడిగితే నవ్వుతూ నాలుగు వేళ్లు చూపించేవాడు.

నేనూ నవ్వేదాన్ని. ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, "ఆ చెవి కొరికినోడి కథ ఇంకోసారి చెప్పవే," అనేవాడు. లాక్‌డౌన్‌లో మాకదే కాలక్షేపం.

చలికాలం వచ్చేసరికి పెద్దాయన మతి చెదిరింది. మాస్కు, ముఖానికి ప్లాస్టిక్ షీల్డ్, ఏప్రన్ వేసుకుని వెళ్తే నేనెవరో పోల్చుకునేవాడు కాదు. ఒక పొద్దున తలుపు తీసేసరికి మంచం పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో పాత బేస్‌బాల్. నేను నోరు తెరిచేలోపే విసిరాడు. షీల్డ్ ఫట్‌మని పగిలి, అంచు నా కనుబొమ్మలోకి దిగింది. కూలబడ్డాను. ఎడమ కంట్లోకి వెచ్చగా నెత్తురు.

అంతటితో వదల్లేదు. మీదపడి భుజం మీద, మెడ మీద పిడికిళ్లతో గుద్దాడు. "లే! లేచి నిలబడు! నీకేం కాలేదు!" అని ఒకటే అరుపు. రెండు కాళ్లూ ఎత్తి తన్నాను. ముసలివాడని చూడలేదు. వెళ్లి బల్లకు కొట్టుకున్నాడు. మూతి చిట్లింది. చెల్లెలు పరుగెత్తుకొచ్చి మా మధ్య నిలబడింది.

ఆయన నా కంటివైపు చూసి ఏడవడం మొదలుపెట్టాడు.

"కన్ను పోయింది. వీడిదీ పోయింది."

"ఇంకెవరిది పోయింది?" అన్నాను, తువ్వాలు అదుముకుంటూ.

"ఆ కుర్రాడిది. పంతొమ్మిదేళ్లు. కావాలనే కొట్టాను. వాడు కింద పడి తన్నుకుంటుంటే మావాళ్లు చప్పట్లు కొట్టారు. మేకు నా చేతికిచ్చి గీయమన్నారు."

"గీశారా?"

"గీశాను."

చెల్లెలు గోడకు ఆనుకుంది. "అమెరికాలో ఆట మానేసి ఇంటికెందుకొచ్చేశావని అరవై ఏళ్లుగా అడుగుతున్నాను," అంది.

ఆస్పత్రిలో కుట్లు వేసింది తెలంగాణ డాక్టరే. "ఎవలు కొట్టిన్రక్కా? గార్డ్స్‌కు చెప్పినవా?" అన్నాడు. గార్డ్స్ అంటే ఇక్కడి పోలీసులు.

"నేనూ కొట్టాను డాక్టర్," అన్నాను.

నన్ను ఇళ్లకు పంపే ఏజెన్సీవాళ్లకు కూడా తన్నిన సంగతి దాచకుండా చెప్పాను. వేరే ఇళ్లకు మార్చారు. మా ఆయన ఆ ముసలాణ్ణి బూతులు తిట్టాడు. "ఆ కథలకి నవ్వింది మనమే కదా. చెవి తెగినోడు తర్వాత ఏమయ్యాడని ఎప్పుడైనా అడిగామా?" అన్నాను.

జనవరిలో పెద్దాయన కరోనాతో పోయాడు. చర్చిలోకి పదిమందినే రానిస్తున్నారని ఊరివాళ్లు రోడ్డు పక్కన ఎడంగా నిలబడ్డారు. నేనూ వెళ్లి నిలబడ్డాను. శవాన్ని తీసుకెళ్తున్న కారు నెమ్మదిగా ముందునుంచి వెళ్లింది. జాలేసింది. మెడమీద పడ్డ గుద్దులు కూడా గుర్తొచ్చి పళ్లు బిగుసుకున్నాయి. కారు మలుపు తిరిగాక బస్సెక్కి డ్యూటీకి వెళ్లిపోయాను.