కుక్కపిల్లకి నేను నేర్పిన నాలుగు మాటలు

రాసుకుందువుగాని, ముందు నీ కుక్కపిల్ల నోట్లోంచి నా కొంగు తియ్యి. అలా లాగకు తల్లీ, నువ్వు లాగినకొద్దీ అది బిగించి పడుతుంది. లాగడం మానేసి ఊరికే కూర్చో. ఆట అయిపోయిందనుకుని అదే వదిలేస్తుంది. చూశావా? ఇది నీకెవరు నేర్పారు మామ్మా అని పొద్దున్నుంచి నా ప్రాణం తీస్తున్నావు కదా, అదే చెప్తాను, రాయి. నేను మధ్యలో ఆగిపోతే ఏమీ అడక్కు. కాస్సేపు ఊరుకో, మళ్లీ మొదలుపెడతాను.

అప్పటికి నాకు పదేళ్లుంటాయేమో. మా నాన్నకి గోదావరి మధ్యలో, లంకలో, అరటితోట ఉండేది. అందులోనే తాటాకు పాక వేసుకుని అమ్మా, నాన్నా, నేనూ ఉండేవాళ్లం. ఒడ్డుకి వెళ్లాలంటే దోనె ఎక్కాల్సిందే. దొంగలూ దోనెల మీదే వచ్చేవాళ్లు. గెల ముదిరింది, రేపు కోద్దాం అనుకునేసరికి అక్కడ మొండి చెట్టు మిగిలేది. నాన్న మొండి చెట్టు దగ్గర నిలబడి ఎవర్ని తిట్టాలో తెలియక అరటిచెట్టునే తిట్టేవాడు.

మా అమ్మ తమ్ముడు ఆనకట్ట దగ్గర ఒక దొరగారి కుక్కల్ని సాకేవాడు. ఈ సంగతి విని ఓ రోజు బుట్టలో అరటాకు కింద కుక్కపిల్లని పెట్టుకుని వచ్చాడు. ఒళ్లంతా ఎరుపు, మూతి నలుపు. కుడిచెవి నిలబడేది, ఎడమచెవి పడుకునేది. బుట్టలోంచి దిగగానే నా కాలివేలు పట్టుకుంది.

"దీనికి పేరు పెట్టకే," అన్నాడు మామయ్య.

"పేరు లేకపోతే ఎలా పిలవను మామయ్యా?"

"పేరు పెట్టావంటే రేవులో వాళ్లంతా పిలుస్తారు. దొంగ కూడా పిలుస్తాడు. ఇది తోకూపుకుంటూ వెళ్లి వాడి కాళ్లు నాకుతుంది. నాలుగు మాటలు నేర్పు. పట్టు, వదులు, ఉండు, రా. అవి కూడా నీ గొంతుకే వినాలి. ఇంకెవరు చెప్పినా కదలకూడదు."

"ఆ ఉండు అనేది మీ బావగారికి కూడా నేర్పి వెళ్లరా," అంది అమ్మ. "సంత అంటే చాలు, నిలబడరు."

మొదట్లో అంతా ఆటే. కర్రకి తాడు, తాడుకి చింకిగుడ్డ. ఎలుక పరిగెత్తినట్టు ఇసకలో ఈడ్చాలి. పిల్ల పట్టుకుంటే కాస్సేపు గుంజులాడి, చివరికి నేనే వదిలెయ్యాలి. ప్రతిసారీ అదే గెలవాలి. అది గుడ్డని నోట కరుచుకుని తల పైకెత్తి పాక చుట్టూ తిరిగేది, పెళ్లిలో పల్లకీ ఎక్కిన పెళ్లికొడుకులాగా. దాన్ని కొట్టకూడదు, కసరకూడదు. పిల్లప్పుడు భయపడితే పెద్దయ్యాక మంచం కిందే కాపలా కాస్తుందనేవాడు మామయ్య. తర్వాత ఎండుచేప ముక్క చూపించి వదులు అనాలి. గుడ్డ వదిలితేనే చేప. అది వారంలో వచ్చేసింది.

ఉండు నేర్పడమే కష్టమైంది. పాక ముందు కూర్చోబెట్టి, ఉండు అని, అరటిచెట్ల వెనక్కి వెళ్లిపోవాలి. మళ్లీ వచ్చి, రా అనాలి.

"ఎంతసేపు పోయినా సరే, వెనక్కొచ్చి పిలవాలి," అన్నాడు మామయ్య. "నువ్వొస్తావనే నమ్మకంతోనే అది కూర్చుంటుంది. మర్చిపోయి ఏ గవ్వలో ఏరుకుంటూ ఉండిపోయేవు."

నేనెప్పుడూ మర్చిపోలేదు. ఇది కూడా రాయి.

ఆఖరున దొంగాట. మామయ్య చేతికి గోనె చుట్టుకుని చెట్ల మధ్య నక్కేవాడు. నేను పట్టు అనగానే పిల్ల ఉరికి ఆ చెయ్యి పట్టేది. వెళ్లేముందు ఆయన నాన్నతో ఒకటే మాట చెప్పాడు. "రోజూ వేషం మార్చాలి బావా. ఓ రోజు గోనె, ఓ రోజు కంబళి, ఓ రోజు పాత పంచె. లేకపోతే ఇది దొంగని కాదు, గుడ్డని పట్టడం నేర్చుకుంటుంది."

"నీకేంరా, ఎన్నైనా చెప్తావు," అంది అమ్మ. "ఉన్నది ఒక్క కంబళి. అది దీని నోట్లో పెడితే చలికాలం నువ్వొచ్చి కప్పుతావా మాకు?"

అందరం నవ్వుకున్నాం. ఆయన వెళ్లిపోయాక నాన్నే దొంగయ్యాడు. కంబళీ లేదు, పంచే లేదు, రోజూ గోనే. ఒక సంచిని మూల లోపలికి మడిచి నెత్తిన ముసుగేసుకునేవాడు, ఇంకోటి ఎడమచేతికి చుట్టుకునేవాడు. ఏటివైపు నుంచి వంగి వంగి వచ్చేవాడు. కుక్క పట్టుకోగానే "ఓరి దేవుడో, చచ్చాన్రో, ఇంకెప్పుడూ రానండీ బాబూ!" అని ఇసకలో పడి దొర్లేవాడు. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది.

ఆ యేడు మా తోటలో ఒక్క గెల పోలేదు. ఓసారి ఒక దోనె దగ్గరదాకా వచ్చింది కూడా. కుక్క నీళ్లలోకి దిగి మొరిగితే తిరిగి చూడకుండా పోయారు. ఆవేళ నాన్న తన పులుసులోని చేపతల తీసి దానికి పెట్టాడు.

తొలకరి దాటి ముసురు పట్టింది. మూడురోజులు ఆగని వాన. నాన్న ఒడ్డుకి వెళ్లాడు. అమ్మ తోట చివర కట్టిన మేకని తెస్తానని వెళ్లింది. కుక్కా నేనూ పాక గుమ్మంలో ఉన్నాం. కాస్సేపటికి ఏటివైపు నుంచి వానలో ఎవరో వంగి వస్తున్నారు. నెత్తిన గోనె ముసుగు.

కాస్త ఆగు తల్లీ.

పట్టు అన్నాను. నేనే అన్నాను. కుక్క లేవలేదు, నేను చెప్పాకే లేచింది. లంకలో వానొస్తే అందరం గోనె వేసుకుంటామని నాకు తెలియదా? కానీ రోజూ ఆ గోనె చూసీ చూసీ, దానితోపాటు నేను కూడా దొంగంటే గోనే అని నేర్చుకున్నాను.

అమ్మ కేక విని పరిగెత్తాను. వదులు అన్నాను. వెంటనే వదిలేసింది. నా మొహంలోకి చూసి తోకాడించింది, ఎండుచేప పెడతానని.

అమ్మ కుడిచెయ్యి మణికట్టు దగ్గర చీలిపోయింది. నాన్న రాగానే, ఎవరూ అడక్కుండానే, "వానలో నాకేమీ వినపడలేదండీ. అదే వచ్చి మీద పడింది," అంది. అంటూ నా వైపు చూడలేదు.

మర్నాడు పక్క తోటలవాళ్లు వచ్చారు. "ఇంటామెనే పట్టిన కుక్కని ఇంకా ఉంచుకున్నావేంటి? రేపు నీ కూతుర్ని పీకుతుంది," అన్నారు. ఒకాయన దుడ్డుకర్ర కూడా తెచ్చాడు. నాన్నకి చెయ్యి రాలేదు. దిగువన రెల్లు పెరిగిన ఇసకలంకలో వదిలేద్దామన్నాడు.

"ఈదుకుంటూ దోనె వెనకే వచ్చేస్తుంది నాన్నా," అన్నాను, రావాలనే ఆశతో.

"నువ్వు ఉండు అంటే ఉంటుందిగా," అన్నాడు.

దోనెలో అది తల నా ఒళ్లో పెట్టుకుంది. నేనే చెప్పాను నాన్నా అనే మాట గొంతుదాకా వచ్చింది. అమ్మ చేతికట్టు మీద నెత్తురు గుర్తొచ్చి దిగిపోయింది. అంత భయమేసిందే నాకు. ఇసకలో దింపి ఎండుచేపల పొట్లం పెట్టాను. ఉండు అన్నాను. కూర్చుంది. ఒక చెవి పైకి, ఒక చెవి కిందకి. నాన్న గెడ వేసి దోనెని నెట్టాడు. మేము చాలా దూరం వచ్చేదాకా కదలకుండా నా వంకే చూస్తూ కూర్చుంది.

ఇంటికెళ్లి నాన్నకి చెప్పేస్తాను, రేపొద్దున్నే వచ్చి పిలుస్తాను అనుకున్నాను. పొద్దున్నకి గోదారి ఎర్రబడింది. వరద. నాలుగురోజులు దోనె నీళ్లలో దించలేదు. నీళ్లు తీశాక నాన్న ఒక్కడే వెళ్లొచ్చాడు. "ఎవరో తీసుకెళ్లుంటార్లే," అన్నాడు, కాళ్లు కడుక్కుంటూ.

రేవులో పడవాయన అసలు సంగతి చెప్పాడు. వరదొచ్చిన పొద్దున్న ఆ లంక పక్కనుంచే వచ్చాడట. కుక్క పొట్టదాకా నీళ్లలో కూర్చుని ఉందట. జాలేసి పడవ దగ్గరికి పోనిచ్చాడట.

"రా రా అని ఎంత పిలిచినా రాలేదమ్మా. ఎవరికోసమో చూస్తున్నట్టు అటే చూస్తోంది. ప్రవాహం ఊరుకోదు కదా, వచ్చేశాం," అన్నాడు.

రా అనే అన్నాడు. అది నా గొంతు కాదు, అంతే.

అమ్మ చెయ్యి ముడుచుకునేది కాదు. నా జడ మళ్లీ తను వెయ్యలేకపోయింది. పోయేదాకా ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇదే మొదటిసారి ఎవరికైనా చెప్పడం.

నీ కుక్కపిల్లని ఇలా తీసుకురా, నా దగ్గర పడుకోనీ. దీనికింకా పేరు పెట్టలేదన్నావు కదూ? ఇవాళే పెట్టు. వీధిలో అందరికీ చెప్పు. ఎవరు పిలిచినా వెళ్లనీ.