పెద్దల్లుడి ఊపిరి పరీక్ష

మొన్న గుండుగొలనులో, మా అత్తవారి వీధరుగు మీద, నా పరువు ఎలా పోయిందో ఇంకెవరో చెప్పేలోపు నేనే చెప్పేస్తానండీ. ఎలాగూ ఆ కబురు మన తాడేపల్లిగూడెం రాక మానదు. కాఫీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి.

మా తోడల్లుడు రామ్మూర్తి ఉన్నాడు కదండీ, మా మావగారి రెండో అల్లుడు. మద్రాసులో ఒక డిగ్రీ అయిపోయి, దాని మీద ఇంకో పెద్ద డిగ్రీకి చదువుతున్నాడు. ఏం చదువయ్యా అంటే, మనిషి ఒళ్ళు వంచి కష్టపడితే లోపల గుండే, ఊపిరీ ఏం చేస్తాయో కనిపెట్టే చదువట! పరిగెడితే ఆయాసం వస్తుందని మా రైసుమిల్లు దగ్గర కుక్కకి కూడా తెలుసండీ. దానికి డిగ్రీ ఎవడిచ్చాడు?

నేను నవ్వాను గానీ అత్తవారింట్లో ఎవరూ నవ్వలేదు. వేసవి సెలవలకి అతను రైలు దిగాడో లేదో, ఊరంతా మా మావగారి అరుగు మీదే. అందరూ చేతులు చాపడం, అతను గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టడం! "మా చిన్నల్లుడండీ, ఎమ్మెస్సీ!" అని మావగారు దారినపోయే వాళ్ళని కూడా పిలిచి చెబుతున్నారు. పక్కనే పడక్కుర్చీలో నేనున్నాను. పెద్దల్లుణ్ణి! నా సంగతి ఒక్కరు అడగలేదండీ. కడుపు రగిలిపోయింది. అసూయే, దాచేదేముంది?

సరే, అదైనా ఓర్చుకున్నాను. రాత్రి భోజనాల దగ్గర ఓర్చుకోలేకపోయాను. కొల్లేటి బొచ్చె చేప, మామిడికాయ వేసి పులుసు. ఆ ఇంట్లో బొచ్చె తలకాయ ఎప్పుడూ పెద్దల్లుడి విస్తట్లోనే పడుతుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే. అలాంటిది ఆ రాత్రి నా విస్తట్లోకి తోకముక్క వచ్చింది! రామ్మూర్తి విస్తరి వంక ఓరగా చూశాను. అక్కడా తలకాయ లేదు. చెయ్యి కడుక్కుంటూ వంటింట్లోకి తొంగిచూస్తే, ఉట్టి మీద మూతపెట్టిన చిన్న దాక! ఓహో, పొద్దున్నే చిన్నల్లుడికి పెట్టడానికన్నమాట. రాత్రి పులుసు పొద్దుటికి ఎంత రుచిగా ఉంటుందో మీకు చెప్పాలా?

ఇంతలో రామ్మూర్తి వచ్చి, "అన్నయ్యగారూ, రేపు పొద్దున్న నా పరీక్షకి ఒక మనిషి కావాలండీ," అన్నాడు.

"నేనున్నానుగా తమ్ముడూ!" అన్నాను రొమ్ము విరుచుకుని. ఊరి కళ్ళు కాస్త నా మీద కూడా పడాలిగా!

"ఒక్కటేనండీ. పరీక్ష అయ్యేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోకూడదు."

"దాందేముందయ్యా!" అన్నాను.

తెల్లవారింది. అత్తగారు పాలు పితకడానికి దొడ్లోకి వెళ్ళారు. మా ఆవిడ ముగ్గేస్తోంది. నా కాళ్ళు వాటంతటవే ఉట్టి దగ్గరికి నడిచాయండీ. ఒక్క ముక్క రుచి చూద్దామనుకున్నాను. మరి తలకాయకి ముక్కలుంటాయా? అంతా లాగించేశాను. దాక నాకినంత పని చేసి, మూత ఓరగా పెట్టి, పుక్కిలించి, ఏమీ ఎరగనట్టు అరుగు మీదికొచ్చాను.

రామ్మూర్తి నా వీపుకి ఒక పెద్ద రబ్బరు సంచీ కట్టాడు. దాని గొట్టం నా నోట్లో పెట్టాడు. ముక్కుకి క్లిప్పు. నేను వదిలిన ఊపిరంతా సంచీలో చేరాలట. అరుగు ఎక్కాలి, దిగాలి, మళ్ళీ ఎక్కాలి. వీధి వీధంతా చూస్తోంది. నాకు ఆయాసంలోనూ ఆనందమేనండీ!

అప్పుడు లోపల్నుంచి అత్తగారి కేక. "అయ్యో! ఉట్టి మీద తలకాయ పిల్లి తినేసిందే!"

ఆ వెనకే చీపురుకట్ట చప్పుడు, పిల్లి అరుపులు. నోట్లో గొట్టం, ఏం మాట్లాడగలను? తేలు కుట్టిన దొంగలా ఎక్కుతున్నాను, దిగుతున్నాను. పాపం అనిపించింది. నిజం చెప్పొద్దూ, హాయిగా కూడా అనిపించింది.

పరీక్ష అయింది. రామ్మూర్తి సంచీ విప్పి, కొంచెం గాలి సీసాలో పట్టుకుని, మిగతాది బయటికి పోవాలని సంచీ గట్టిగా నొక్కాడు. బుస్సుమంది!

మావగారు పేపరు దించి, "పొద్దున్నే చేపల పులుసు ఎవరింట్లోనండీ?" అన్నారు.

రామ్మూర్తి సంచీ వంక చూశాడు. నా వంక చూశాడు. అంతలో దెబ్బలు తిన్న పిల్లి పరిగెత్తుకొచ్చి ఆ గొట్టం నాకడం మొదలెట్టింది. ఇన్నేళ్ళలో మా అత్తగారు నా ఎదట పడి ఎరగరండీ, ఏం చెప్పినా తలుపు చాటునుంచే. ఆవిడ గబగబా అరుగు మీదికొచ్చేశారు!

"ఇది నా పులుసేనండీ! మెంతిపొడి వాసనతో సహా!"

వీధంతా ఘొల్లుమంది. నేను నేల చూపులు చూస్తున్నాను. ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, మళ్ళీ తలుపు చాటుకి వెళ్ళి, మెల్లిగా అన్నారు.

"అది మీకోసమే దాచానండీ, అల్లుడుగారూ. చిన్నల్లుడుగారు తలకాయ తినరు, దాని కళ్ళు చూస్తే భయమట. రాత్రి పొద్దుపోయింది, ముళ్ళతో అవస్థ పడతారని, పొద్దున్న వేడన్నంలో వడ్డిద్దామనుకున్నాను."

నా సొత్తు నేనే దొంగిలించానండీ! పరీక్షా పాడైంది. రామ్మూర్తి నవ్వాపుకుంటూ, "రేపు మళ్ళీ ఉపవాసం ఉండాలండీ, అన్నయ్యగారూ," అన్నాడు. ఉన్నాను. ఈసారి నిజంగానే ఉన్నాను. పరీక్ష ముగించి, మధ్యాహ్నం విస్తరి ముందు ఆశగా కూచున్నాను. మళ్ళీ బొచ్చే వండారు.

తలకాయ ఎవరికి వేశారనుకున్నారు? నిన్న అన్యాయంగా దెబ్బలు తిందని పిల్లికి! నా ఎదురుగుండా కూచుని, నా వంకే చూస్తూ, కళ్ళతో సహా తినేసిందండీ.

ఇప్పుడు నాకు రామ్మూర్తి మీద ఏ అసూయా లేదు. నా అసూయంతా ఆ పిల్లి మీదే!