జాషువా పెట్టే ఎర్ర చుక్కలు

మా ఆయనను దొంగ అన్న మనిషి పేరు భిక్షం. దేవరకొండలో ఎరువులు, విత్తనాలు అమ్ముతాడు. ఊరంతా భిక్షం సేటు అంటుంది. నేను ఏమంటానో ఇక్కడ రాస్తే బాగుండదు. దసరా వెళ్ళిన వారంలోనే, పట్టపగలు, బస్టాండు రోడ్డులో మా షాపు ముందు బండి ఆపాడు. దిగను కూడా దిగలేదు.

"అరే జాషువా! నా హోమ్ థియేటర్ల ఉన్న అసలు సర్క్యూట్ కార్డు కొట్టేసి డూప్లికేట్ ఎక్కిస్తవారా? నల్లగొండ నుంచి మెకానిక్‌ను పిలిపిచ్చిన. ఇప్పి చూసి చెప్పిండు. నీ అయ్య మా గడప ముంగట డప్పు కొట్టి బతికిండు. డప్పు కొట్టేటోళ్ళ చేతికి డిజిటల్ సామాను ఇచ్చిన సూడు, నన్ను చెప్పుతోని కొట్టాలె!"

నిజంగానే కొట్టాలి. పక్క హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్ళంతా గ్లాసులు పట్టుకుని బయటికొచ్చారు. నేను కౌంటరులోంచి లేవబోతే మా ఆయన చేత్తో ఆపాడు. చేతిలో కాలుతున్న సోల్డరింగ్ కడ్డీని స్టాండులో పెట్టి, "సేటు, డబ్బా పట్టుకరా. గీ బజార్లనే అందరి ముంగట ఇప్పుత" అన్నాడు.

"మళ్ళ నీ చేతికియ్యాల్నా? మిగిలింది గూడ మింగనీకా?" అని భిక్షం బండి తిప్పుకుని పోయాడు.

జాషువా మళ్ళీ సోల్డరింగ్ కడ్డీ అందుకున్నాడు. సాయంత్రం షట్టరు దించాక మాత్రం, "బజార్ల నిలవడి దొంగ అన్నడు. బజార్లనే నిలవడి కాదు అనేదాక ఆయన గడప తొక్క" అన్నాడు. మా ఆయన ఒక మాట అంటే అంతే. ఏసుప్రభువే దిగి వచ్చి చెప్పినా, కాస్త ఆగు ప్రభువా అనే రకం.

ఆయన తండ్రి, మా మామ జానయ్య డప్పు కొట్టాడు, నిజమే. దాచుకునే సంగతేమీ కాదు. పెళ్ళికీ చావుకీ పిలిచేవాళ్ళు, గడప బయటే నిలబెట్టేవాళ్ళు. డప్పును మంటకు కాచి, వేలితో తట్టి, ఎక్కడ సరిగ్గా పలుకుతుందో చెవి దగ్గర పెట్టుకుని చూసేవాడు. ఆ చెవి కొడుక్కు వచ్చింది. హైదరాబాద్‌లో ఒక టీవీల షాపులో పని నేర్చుకుని, తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు జాషువా ఇక్కడ షట్టరు కిరాయికి తీసుకున్నాడు. నేను రిమోట్లు, చార్జర్లు అమ్ముతూ కౌంటరులో కూర్చుంటాను. మనుషులతో ఆయన మాట్లాడేది తక్కువ. పలకని డబ్బాలతో మాత్రం ఆపకుండా మాట్లాడతాడు. "ఏందే, నోట్ల బెల్లం పెట్టుకున్నవా? పలుకు!" అని తిడతాడు. ఆ తిట్లు విని విని, ఒకప్పుడు నన్నే అంటున్నాడేమోనని నేనూ తిరిగి తిట్టేదాన్ని.

ఆయనకు ఒక పద్ధతి ఉంది. సౌండు రాలేదని ఎవరైనా వస్తే వెంటనే డబ్బా విప్పడు. "ముందుగాల మైకు పెట్టి సూడాలె. ఫోన్ల పాట పెట్టి సూడాలె. రెండూ పలికితే డబ్బా మంచిగనే ఉన్నట్టు. ఇగ తప్పు వైర్ల ఉంటది" అంటాడు. విప్పాల్సి వస్తే, మళ్ళీ బిగించాక వెనక స్క్రూల మీద తలా ఒక చుక్క ఎర్రటి గోళ్ళరంగు వేస్తాడు. తర్వాత వేరే ఎవరైనా విప్పితే ఆ చుక్క పగిలిపోతుంది, దొంగతనం దాగదు. గోళ్ళరంగు సీసా నాదే. మాది చర్చికి పోయే ఇల్లు, నేను బొట్టు పెట్టుకోను. "పెండ్లానికి బొట్టు లేకపాయె, నీ డబ్బాలకు మాత్రం రోజూ బొట్లే" అని ఎగతాళి చేసేదాన్ని. "బొట్టు కాదే, సీలు" అనేవాడు, నవ్వకుండా.

భిక్షం హోమ్ థియేటర్‌కూ అలాగే వేశాడు. దసరా ముందు దాని వాల్యూమ్ తిప్పితే గరగరమంటోందని తెచ్చారు. బాగుచేసి, చుక్కలు పెట్టి, తానే మోసుకెళ్ళి వాళ్ళింట్లో బిగించాడు. సేటు అప్పుడే గోడంత టీవీ కొన్నాడు. ఆ టీవీ నుంచి డబ్బాకు పోయే వైరు మామూలుది కాదు. అందులో కరెంటు పోదు, వెలుగు పోతుంది. ఊడదీసి చూస్తే కొసన ఎర్రగా చిన్న మెరుపు కనిపిస్తుంది. ఆప్టికల్ వైరు అంటారు. మా ఆయన లైటు వైరు అంటాడు. ఆ రోజు అద్భుతంగా పలికింది. బజారంతా వినాలని సేటు బాల్కనీ తలుపులు తెరిచి పెట్టాడట. పండుగ తెల్లారి నుంచి టీవీలో బొమ్మ వస్తోంది, డబ్బాలో మాట లేదు. ఇంతే జరిగింది. ఇంతమాత్రానికే నా మొగుడు దొంగైపోయాడు.

ఆ అరుపు ఊళ్ళో బాగా పనిచేసింది. ప్రవళిక టీచరు వచ్చి, సగం విప్పి ఉన్న తన మిక్సీని స్క్రూలతో సహా సంచిలో వేసుకుని, "మళ్ళొస్త లే మల్లికా" అంటూ నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది. టీవీలు తెచ్చేవాళ్ళు తేవడం మానేశారు. తెచ్చే ఒకరిద్దరు కూడా ఆయన విప్పుతుంటే పక్కనే నిలబడి చేతులకేసి చూసేవాళ్ళు. అది చూడలేకపోయాను. ఒక మధ్యాహ్నం జాషువా టేబుల్ తుడుస్తూ, "షాద్‌నగర్ల కంపెనీల పని అడుగుత. షట్టర్ ఖాళీ చేద్దాం" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. భిక్షం మీద ఎంత మండిందో ఈయన మీదా అంతే మండింది.

"ఖాళీ చేసి పోతే ఏమైతదో ఎరుకేనా? దొంగోడు పారిపోయిండు అంటరు. నీ పిల్లలు గా పేరు మోసుకుంట తిరగాల్నా?"

"నేనైతే ఆయన గడప తొక్క."

"తొక్కకు. ఒట్టు పెట్టుకున్నది నువ్వు, నేను కాదు" అని చెప్పులేసుకున్నాను.

భిక్షం ఇల్లు బజారులోనే. కింద ఎరువుల షాపు, పైన ఇల్లు. తలుపు తీసింది ఆయన భార్య సుగుణమ్మ. నన్ను చూడగానే మొహం ముడుచుకుంది.

"మళ్ళెందుకొచ్చినవ్? మీ ఆయన చేసింది సాలదా?"

"చేసిందేందో సూద్దామనే వచ్చిన. జరుగు."

ఆమె జరగలేదు, నేనే పక్క నుంచి దూరి వెళ్ళాను. ఇంట్లో దసరా పూజ ఆనవాళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. ఫ్రిజ్‌కు బొట్టు, మిక్సీకి బొట్టు, కుట్టుమిషన్‌కు బొట్టు, బోరు మోటారు స్టార్టరు డబ్బాకు పెద్ద బొట్టు. ఆయుధపూజ రోజు ఈ ఇంట్లో ప్లగ్గున్నది ఏదీ వదలలేదని అర్థమైంది. హోమ్ థియేటర్ మీద కూడా పసుపు, మధ్యలో కుంకుమ.

నేను డబ్బా స్విచ్ వేసి, దాని మైకు తీసుకుని "హలో" అన్నాను. నా గొంతు ఇల్లంతా ఉరిమింది. బాల్కనీ కింద బజారులో మనుషులు తలెత్తి చూశారు. ఫోనులో పాట పెట్టి డబ్బాకు కలిపాను. అదీ గట్టిగా పలికింది. అది విని భిక్షం మెట్లెక్కి పరుగున వచ్చాడు.

"ఎవరిని అడిగి ముట్టినవే? మొగుడు దోస్తే పెండ్లం ఉన్నది గుంజుకపోనీకొచ్చిందా?"

"సేటు, మర్యాద. మైకు పలుకుతాంది, ఫోను పలుకుతాంది. మరి కార్డు పోయిందని ఎట్ల అంటవు?"

"గది వేరే కార్డు, గిది వేరే కార్డు. నల్లగొండాయన ఇప్పి చూసిండు!"

డబ్బాను నా వైపు తిప్పాను. వెనక స్క్రూల మీద నా గోళ్ళరంగు చుక్కలు పెట్టింది పెట్టినట్టే ఉన్నాయి. ఒక్కటీ చెదరలేదు.

"ఇప్పిండా? చుక్క పగలకుంట ఎట్ల ఇప్పిండు? డబ్బా పైపైన సూసి లోపలి కార్డు సంగతి చెప్పిండా? గాయన మాట పట్టుకొని నా మొగుని దొంగ అన్నవా?"

భిక్షం వంగి చుక్కలు చూశాడు. ఇక మిగిలింది లైటు వైరు. టీవీ నడుస్తుండగానే దాని కొసను డబ్బా నుంచి ఊడదీశాను. ఎర్రటి మెరుపు కనిపించాలి. కనిపించలేదు. కొస మీద ఏదో గట్టిగా అంటుకుని ఉంది. బాల్కనీ వెలుగులోకి పట్టి చూశాను. ఎండిపోయిన పసుపు, దాని మీద కుంకుమ. నాకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది, ఆ రెంటికంటే గట్టిగా కోపం వచ్చింది.

"గిదేంది సుగుణమ్మా?"

ఆమె చేయి నోటికి వెళ్ళింది. "పూజకని దుమ్ము దులుపుతుంటె గా వైరు ఊడొచ్చింది. కొసకు ఎర్రగ దీపం లెక్క వెలుగుతాంది. పండుగనాడు వెలిగేదానికి బొట్టు పెట్టకుంట ఎట్ల? పెట్టి, మళ్ళ ఎక్కడిదక్కడ దూర్చిన." ఆగి, డబ్బా వెనక చుక్కల వైపు చూపించింది. "మీ ఆయన గూడ ఎనుక పెట్టిండు గద. ఎనుక గూడ పెట్టాలె కావచ్చనుకున్న."

నా ఎగతాళి నాకే తగిలింది. భిక్షానికి మాత్రం నోరు లేచింది.

"నీ మొఖం మండ! లైటుకు బొట్టు పెడతారే? దిమాక్ ఉన్నదా నీకు? నీ అసుంటి దాన్ని ఇంట్ల పెట్టుకున్నందుకు నాకు గిదే గతి" అని భార్య మీద అరిచి, నా వైపు తిరిగాడు. "ఇంకేం చూస్తున్నవ్? తుడువు!"

"నేను తుడువ."

"ఎందుకు తుడువవు?"

"రేపు మళ్ళ బజార్ల నిలవడి, చర్చికి పోయేది వచ్చి మా ఇంట్ల పూజ బొట్టు తుడిసింది అంటవు. నీ నోరు నాకెరుకే. నువ్వే తుడుచుకో."

సుగుణమ్మ వైపు చూశాడు. ఆమె రెండు చేతులూ కొంగులో దాచుకుంది. "నాతోని గాదు. పెట్టిన చేత్తోని తుడిసే పాపం నాకొద్దు" అంది.

చివరికి భిక్షం సేటే కూర్చున్నాడు. ఎరువుల దుమ్ము పట్టిన ఆ లావు వేళ్ళతో, భుజం మీది తువ్వాలు కొసతో, అగ్గిపుల్ల తలంత ఉన్న ఆ వైరు కొసను రుద్దాడు. డబ్బాలో వైరు దూరే కన్నంలోనూ కుంకుమ అంటింది, అది నోటితో ఊదాడు. చెమట కారుతుంటే నేను ఫ్యాన్ కూడా వేయలేదు. ఎర్రటి మెరుపు వచ్చింది. వైరు దూర్చగానే టీవీలో వార్తలు చదివే అమ్మాయి గొంతు గోడలు అదిరేలా పడింది.

ఆయన టీవీ గొంతు తగ్గించి, "సరే, అయిపోయింది గద. ఇగ పో" అన్నాడు.

"యాడ అయిపోయింది?" మైకు ఆయన ముందు పెట్టాను. "బాల్కనీ తెరిచే ఉన్నది. బజార్ల దొంగ అన్నవు. గిదే బజారు. ఒక్క మాట చెప్పు, పోత."

"ఏం మాట్లాడుతున్నవే? నేను నీకు మైకుల చెప్పాల్నా? నడువు కిందికి!"

ఆయన తలుపు చూపిస్తుండగా నా చేతిలోని మైకు ఎవరో లాక్కున్నారు. సుగుణమ్మ. ఆ ఇంట్లో ఆమె గొంతు గుమ్మం దాటడం నేనెప్పుడూ వినలేదు.

"జాషువా దొంగ కాదు" అంది. ఆ మాట బజారంతా మోగింది. "బొట్టు పెట్టింది నే..."

భిక్షం డబ్బా ప్లగ్గు గుంజేశాడు. ఆమె పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి, మాట మాత్రం రాలేదు. కింద ఎరువు బస్తాలు మోసే వాళ్ళు పైకి చూస్తూ నిలబడిపోయారు. నేను వాళ్ళ మధ్య నుంచే తలెత్తుకుని నడిచి వచ్చాను.

నాకంటే ముందే ఆ మాట షాపుకు చేరింది. సంగతంతా చెబితే జాషువా మొదట అడిగింది ఒకటే.

"స్విచ్ బంద్ చేయకుంట ప్లగ్గు గుంజిండా?"

"గుంజిండు."

"గట్ల గుంజితే పోతది. ఇప్పుడు నిజంగనే పోయుంటది" అన్నాడు. చాలా రోజుల తర్వాత అప్పుడే నవ్వాడు.

అన్నట్టే అయింది. కొన్నాళ్ళకు సుగుణమ్మ ఆటోలో డబ్బా తెచ్చింది. ఒక్కతే వచ్చింది. జాషువా తన చుక్కలు తానే పగలగొట్టి విప్పి, మాడిన ముక్క మార్చి, పలికించి చూపించి, మళ్ళీ చుక్కలు పెట్టాడు. ఈసారి నీలం రంగు. ఎర్ర సీసా నాకు తిరిగి ఇచ్చేశాడు.

"అమ్మా, మంచిగైంది. తీసుకపోనీకి మాత్రం సేటును రమ్మను. నా తానకు వచ్చి, గీ బజార్ల నిలవడి, అనాల్సింది అని తీసుకపోవాలె."

"ఆయన రాడు బిడ్డా."

"రాకుంటే ఈడనే ఉంటది."

సుగుణమ్మ కొంగు సర్దుకుని ఆటో వైపు తిరిగింది. "ఉండనియ్యి" అంది. "ఇంట్ల జర నిమ్మలంగ ఉన్నది."

ప్రవళిక టీచరు తన మిక్సీని మళ్ళీ తెచ్చింది. నేను తీసుకున్నాను గానీ నవ్వలేదు. భిక్షం బండి మీద రోజూ మా ముందు నుంచే పోతాడు, మెడ ఇటు తిప్పడు. తర్వాతి దసరా కూడా వచ్చి పోయింది. డబ్బా మా షాపులో రోడ్డుకు ఎదురుగా, అందరికీ కనపడే అరలో ఉంది. ఇది ఎవరిదని అడిగిన ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెబుతాను, ఇప్పుడు మీకు చెప్పినట్టే.