రైలుకందే చేను

బొమ్మక్కకు మనుషులంటే పడదు. అరవదేశంలో కోవిల్‌పట్టి పక్కన ఆమె కాపురమున్న పల్లెలో ఈ సంగతి ఎవరూ దాచేవాళ్ళు కాదు, ఆమె అసలే దాచేది కాదు. మొగుడు పోయాక ఆ నోటికి మరింత పదునొచ్చింది. నల్లరేగడిలో పత్తి వేసుకుంటూ, ఒక్కగానొక్క కొడుకు గోవిందరాజ్‌ను చదివించుకుంటూ, పరాయివాడెవడైనా తన గట్టు మీద కాలు పెడితే చాలు, వాడి ఏడు తరాలనూ కడిగేస్తూ కాలం వెళ్ళదీసింది.

కొడుకు స్కూలు ఫైనల్ గట్టెక్కి మదురై కాలేజీలో సీటు తెచ్చుకున్నాడు. చిక్కంతా అక్కడే వచ్చిపడింది. పత్తి ధర పాతాళానికి దిగిన ముప్ఫైల మొదటి సంవత్సరాలవి. హాస్టల్లో పెట్టి చదివించే తాహతు ఆమెకు లేదు. ఉన్నా పెట్టేది కాదు. హాస్టలుకు పోయిన పక్క వీధి కుర్రాడొకడు సెలవులకొచ్చి, కన్నతల్లి పెట్టిన సజ్జ సంకటిని వేలితో అవతలికి నెట్టడం ఆమె కళ్ళారా చూసింది. ఆ తల్లి మొహం చూసి ఆ రోజంతా బొమ్మక్కకు ముద్ద దిగలేదు. తన కొడుకు చదవాలి, పొద్దుగూకేసరికి ఇంటికొచ్చి తన చేతి కూడు తినాలి. రెండూ జరిగి తీరాలి. అదీ ఆమె పంతం.

కోవిల్‌పట్టి నుంచి మదురైకి రోజూ పోయి రావడం మాటలా? విరుదునగర్ నుంచైతే పొద్దున రైలుబండెక్కి కాలేజీ వేళకు దిగొచ్చు, సాయంత్రం బండికి తిరిగి రావచ్చు. కాబట్టి ఇక్కడి చేను అమ్మేసి, విరుదునగర్ స్టేషనుకు నడిచి పోగలిగినంత దూరంలో మరో చేను కొనుక్కోవాలి. ఈ మాట వినగానే తమ్ముడు రంగప్ప తల పట్టుకున్నాడు.

"ఏమక్కా ఇది? మన్ను చూసి చేను కొంటారు, నీళ్ళు చూసి కొంటారు. రైలు చూసి ఎవురన్నా కొంటారా?"

"నేను కొంటా. నీకేమిరా కడుపునొప్పి?"

కడుపునొప్పి ఉన్నా లేకపోయినా రంగప్ప ఆమె వెంట తిరగక తప్పలేదు. స్టేషను దగ్గరి చేలన్నీ పత్తి వర్తకులవి. వాటి ధర వినగానే అక్కాతమ్ముళ్ళు మారుమాట లేకుండా లేచొచ్చేశారు. ఊరికి దూరం జరిగేకొద్దీ ధర దిగింది గాని, మనుషుల మొహాలు మరింత ముడుచుకున్నాయి. ఒక ఊళ్ళో ఆడదానితో బేరమేమిటని రంగప్పతోనే మాట్లాడారు. ఆమె అక్కడ లేనట్టే. మరో ఊళ్ళో ఎండలో చేనంతా తిప్పి చూపించి, చివర్న పై ఊరివాళ్ళకు అమ్మేది లేదన్నారు. అమ్మనివాళ్ళు తిప్పడమెందుకట? చోద్యం చూడ్డానికి! బొమ్మక్క మాత్రం తక్కువ తిందా? ఒక్కో ఊరి పొలిమేరలో నిలబడి ఆమె పెట్టిన శాపనార్థాలకు, మళ్ళీ ఆ ఊళ్ళో అడుగుపెట్టే దారి లేకుండా పోయింది.

ఆఖరికి చెల్లసామి చేను దొరికింది. అతను అరవవాడు. బక్కపలచని మనిషి, మాట తక్కువ. చేను మరీ గొప్పదేమీ కాదు, ఒక మూల సుద్దమన్ను తేలి ఉంది. కానీ గట్టు మీద నిలబడితే మదురై పోయే రైలు పొగ కనబడుతోంది. చేలో చిన్న ఇల్లు కూడా ఉంది. చెల్లసామి ధర చెప్పాడు. గుంజుకుంటే అందేదే.

బొమ్మక్క తమ్ముణ్ణి కొంచెం పక్కకు లాగింది. కొంచెమే. ఎక్కువ దూరం లాగాల్సిన అవసరమేముంది? ఆ సీమలో తెలుగువాళ్ళందరికీ ఉన్న ధీమాయే అది. గడప దాటితే అరవం, ఇంట్లో తెలుగు. పదిమంది మధ్య గుట్టు మాట్లాడుకోవాలంటే గదిలోకి పోనక్కర్లేదు, తెలుగులోకి మారితే చాలు. అరవవాళ్ళకు అది గోడ అని వాళ్ళ నమ్మకం.

"రేయ్, ఇదే మనకు కావాల్సింది," అంది బాహాటంగా. "దీన్ని మటుకు ఇడవకూడదు. బేరం కుదరకపోతే ఎద్దుల్ని ఇచ్చైనా సరే తీసుకోవాల."

"మెల్లిగా అక్కా. ఆయప్ప చూస్తాండు."

"చూడనీ. నక్క మొగమూ వాడూ. వానికేమి తెలుస్తుంది? మన ఎద్దులకుండే తెలివి కూడా లేదు ఈనికి."

చెల్లసామి రైలు పట్టాల వైపు చూస్తూ నిలబడ్డాడు. వీళ్ళు దగ్గరికి రాగానే, చెప్పిన ధర చాలదన్నాడు. డబ్బు పెంచమనలేదు. ఆ ధర మీద ఎద్దుల జత కూడా ఇస్తేనే సంతకం పెడతానన్నాడు. బొమ్మక్క అరిచింది, మన్ను ఎగజిమ్మింది, పోతానని రోడ్డు దాకా నడిచింది. అతను పిలవలేదు. ఆమె ఎంత దూరం పోతుందో అతనికి తెలిసినట్టే ఉంది. ఆమె తిరిగొచ్చి ఒప్పుకుంది.

రిజిస్ట్రేషనయ్యాక సామానంతా బండిలో వేసుకుని వచ్చారు. ఎద్దుల్ని విప్పి, తన తాళ్ళు తను తీసేసుకుంది బొమ్మక్క. ఎద్దును అమ్మినా తాడును ఇవ్వరు. చెల్లసామి తను తెచ్చిన కొత్త తాళ్ళు కట్టి అదిలించాడు. ఎద్దులు కదల్లేదు. అరవంలో బుజ్జగించాడు, కసిరాడు. అవి బొమ్మక్క మొహంలోకి చూస్తూ అలాగే నిలబడ్డాయి. దూడలప్పటి నుంచీ వాటితో తెలుగు తప్ప ఎవరూ మాట్లాడలేదు మరి. రంగప్ప ఫక్కున నవ్వాడు. బొమ్మక్కకు కూడా కాస్త కడుపు చల్లబడింది.

చెల్లసామి వంగి పెద్ద ఎద్దు గంగడోలు నిమిరాడు. "నడు నాయనా, నడు. ఇంగ మన ఇల్లు ఆ పక్కన," అన్నాడు, తెలుగులో.

ఎద్దులు బుద్ధిగా కదిలాయి.

బొమ్మక్క చేతిలో తాళ్ళు పట్టుకునే అతనికి అడ్డం పోయింది. "ఓరి పాపీ! నీకు మా మాట వస్తుందా? అంతా ఇని, నోరు మూసుకుని, నా ఎద్దుల్ని కొట్టేస్తివా?"

"వస్తుంది," అన్నాడతను. "మీ ఎద్దులకుండే తెలివి నాకూ ఉంది. అరుప్పుకోట్టైలో తెలుగోళ్ళ మగ్గాల ఇంట్లో చిన్నప్పుటి నుంచి నూలు మోసినాను. నా ముందరే నన్ను అనుకునేవాళ్ళు. వానికేమి తెలుస్తుందిలే అని. మీ బాసలో నేను ముందు నేర్చుకున్నవన్నీ తిట్లే, అమ్మా. మీరు కొత్తగా ఏమీ అనలేదు."

బొమ్మక్క చేతిలోని తాళ్ళను చుట్టచుట్టి బండిలోకి విసిరింది. ఒళ్ళు మండిపోయింది. సిగ్గు కూడా వేసింది గాని, ఆ మాట ఆమె చచ్చినా ఒప్పుకునే రకం కాదు. ఇక వీడితో తెలుగు ముక్క మాట్లాడితే తన పేరు బొమ్మక్క కాదనుకుంది.

గోవిందరాజ్ రోజూ పొద్దున బండికి పోతున్నాడు, దీపాలు పెట్టే వేళకు వస్తున్నాడు. పెట్టింది తింటున్నాడు. ఆమెకు కావాల్సింది అదే కాబట్టి మిగతావన్నీ ఓర్చుకుంది. మిగతావి చాలానే ఉన్నాయి. బావి దగ్గర ఆడవాళ్ళు ఆమె కడవను చివరికి జరిపేవాళ్ళు. పలకరిస్తే వినబడనట్టు పోయేవాళ్ళు.

దీపావళి వేళకు ఐప్పసి నెల వానలు పడ్డాయి. నల్లరేగడి పదును ఎక్కువ రోజులు నిలవదు. ఆ అదనులో విత్తనం పడకపోతే ఆ ఏడాది మట్టికొట్టుకుపోయినట్టే. ఎద్దులు లేవు. ఊళ్ళో బాడిగకు అడిగితే, తమ చేలయ్యాకే పై వాళ్ళకన్నారు. తమ్ముణ్ణి పిలుద్దామంటే కోవిల్‌పట్టిలో అతని చేనుకూ అదే అదను. గోవిందరాజ్ ఇదంతా చూసి చొక్కా విప్పి పక్కన పెట్టాడు.

"నేను ఈపొద్దు పోనమ్మా. చదువు చాల్లే. దీన్ని అమ్మేసి మన ఊరికే పోదాము."

ఆమె ఆ చొక్కా తీసి వాడి చేతిలో పెట్టింది. "చొక్కా తొడుక్కో," అంది. "బండికి పో. ఎనక్కి తిరిగి చూస్తే కాళ్ళిరగ్గొడతా." వాడు స్టేషను దారి పట్టేదాకా గుమ్మంలోనే నిలబడింది. తరవాత చెంగు నడుముకు బిగించి చెల్లసామి ఇంటికి నడిచింది.

గొర్రు కట్టి విత్తిపెట్టమని అరవంలో అడిగింది, పరాయివాణ్ణి అడిగినట్టు. అతను కొట్టంలో తన ఎద్దులకు మేత వేస్తున్నాడు. తన ఎద్దులేమిటి, ఆమె ఎద్దులే. ఆమె గొంతు వినగానే అవి తలలెత్తాయి.

"ఎద్దులకు అరవం రాదు కదా," అన్నాడతను తెలుగులో. "నీ ఇంటి మాటలో అడుగు. ఆ బాసలో ఇంతవరకు నన్నెవురూ మర్యాదగా పిలవలేదు."

బొమ్మక్క కొట్టం గుంజ పట్టుకుని నిలబడింది. దూరంగా మదురై బండి కూత పెట్టింది.

"అన్నా," అంది. "ఎద్దుల్ని కట్టన్నా. నా చేను ఇత్తి పెట్టు."

చెల్లసామి చేతికంటిన గడ్డి దులుపుకున్నాడు. అతని కళ్ళు చెమ్మగిల్లాయేమోనని ఆమెకు ఒక క్షణం ఆశ పుట్టింది.

"సరే. పంటలో సగం నాది," అన్నాడు.

ఈ ఏటికేనా అని ఆమె అడిగింది. ఎద్దులున్నన్నాళ్ళూ అన్నాడు. ఆమె తల ఊపింది.

సాయంత్రం గోవిందరాజ్ వచ్చేసరికి చేనంతా సాళ్ళు తీరి ఉంది. వాడు పుస్తకాలు చంకలో పెట్టుకునే గట్టు మీద నిలబడి చూశాడు. లోపలికొచ్చి పీట మీద కూర్చున్నాడు. బొమ్మక్క సంకటి పెట్టి పులుసు పోసింది.

"ఎవరమ్మా ఇత్తింది?"

"మీ మామ."

"రంగప్ప మామ వచ్చినాడా? ఏడీ?"

"ఆ మామ కాదు," అందామె. "నువ్వు తిను. పొద్దున్నే బండికి పోవాల."