తొమ్మిది అంగుళాల జబ్బ

మా టేపక్కకు ఒకటే పిచ్చి. ఆడమనిషి కనబడితే చాలు, జబ్బకు టేపు చుట్టేస్తుంది. గౌను కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళకు చుడితే అర్థముంది. దిండు గలీబులు కావాలని వచ్చినావిడకూ చుట్టింది. కిటికీ కొలతలు కాగితం మీద రాసుకొచ్చిన లెక్కల టీచరమ్మకూ చుట్టింది. పరదాకు చేతులెక్కడుంటాయని టీచరమ్మ అడిగితే, "తగిలించేది మీ చేతులే కదండీ" అని అంకె రాసేసుకుంది.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి ఆమె టైలరు కొట్లో చేరాను. కాజాలు, గుండీలు నా పని. తల వంచుకుని చేసే పని. తల వంచుకున్నవాళ్ళ ముందు జనం అన్నీ మాట్లాడేస్తారు.

టేపక్క గడువులు కూడా వింతగా ఉండేవి. కొందరికి అన్న రోజుకే బట్టలు ఇచ్చేసేది. కొందరికి, ముఖ్యంగా కొత్తగా పెళ్ళయినవాళ్ళకు, కడుపుతో ఉన్నవాళ్ళకు, ఎన్నటికీ అయ్యేవి కావు. ఒకరోజు కాలరు మాట వినడం లేదనేది. ఇంకోరోజు దారం అలిగిందనేది. వచ్చినవాళ్ళను ఊరికే పంపేది మాత్రం కాదు. ఉడకబెట్టిన గుడ్డు, గుప్పెడు వేరుశనగలు చేతిలో పెట్టి, అవి అయ్యేదాకా లేవనిచ్చేది కాదు. డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు వేసుకుంటున్నారా అని ఆరా తీసేది. ఆలస్యానికి జనం తిట్టకుండా పెట్టే లంచమనుకున్నాను నేను.

ఆ రోజుల్లోనే పోస్టుమాన్ భార్య గౌను కుట్టించుకోవడానికి వచ్చింది. నాలుగో నెల. టేపు ఎనిమిది అంగుళాల దగ్గరే ఆగింది. ఒంట్లో రక్తం తక్కువగా ఉంది, ఇలాగే ఉంటే బిడ్డ మరీ చిన్నగా పుడుతుందని డాక్టరమ్మ చెప్పిందట. ఇంట్లో మాత్రం అత్తగారు సగం పళ్ళెమే వడ్డిస్తుందట. చెడ్డావిడ కాదు. బిడ్డ పెరిగితే కాన్పు కష్టమవుతుందని ఆవిడ భయం.

గురువారం రమ్మంది టేపక్క. ఆ గురువారం నుంచి ఆ పిల్ల రోజు విడిచి రోజు, రెండు నెలలు తిరిగింది.

ఒకరోజు గుండీల కోసం బీరువా తీస్తే, ఆ గౌను కుట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఉంది. మడత మీద దుమ్ము కూడా పట్టింది. నేను గౌను చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

"అక్కడే పెట్టెయ్యి. ఆ పిల్ల జబ్బ ఇంకా ఎనిమిదిన్నరే. తొమ్మిది రానీ, అంతకు తగ్గితే తిండి చాలనట్టే" అంది టేపక్క.

"వచ్చేవాళ్ళంతా నీకు పని రాదంటున్నారక్కా."

"అననీవే. నన్ను తిట్టుకుంటూనే గుడ్డు తింటున్నారుగా."

మర్నాడు అత్తగారే వచ్చింది. రెండు నెలలుగా ఒక్క గౌను, మీరు కుడుతున్నారా నేస్తున్నారా అని నిలదీసింది. టేపక్క ఆవిడ జబ్బకూ టేపు చుట్టింది.

"మీ కాన్పు ఎలా అయిందమ్మా?"

"మూడు రోజులు నొప్పులు పడ్డాను. ఒక్కడితోనే సరి."

"అప్పట్లో ఏం తినేవారు?"

"ఏం తింటాను? బిడ్డ పెరుగుతుందని తిననివ్వలేదు."

తిననందువల్ల మీ కష్టమేమైనా తగ్గిందా అని టేపక్క మెల్లిగా అడిగింది. "నేను బట్టలు కుట్టేదాన్ని, నా మాట వినకండి. ఈసారి పరీక్షకు మీరూ వెళ్ళి డాక్టరమ్మనే అడగండి" అని కూడా అంది.

ఆవిడ గౌను సంగతి మరిచిపోయి వెళ్ళిపోయింది. పరీక్షకు వెళ్ళింది. డాక్టరమ్మ ఏం చెప్పిందో తెలియదుగానీ, కోడలికి పళ్ళెం నిండుగా పెడుతోందని, పాలు తాగేదాకా ఎదురుగా కూర్చుంటోందని పోస్టుమాన్ ఉత్తరాలు ఇస్తూ చెప్పాడు.

ఏడో నెలలో అత్తా కోడలూ కలిసి వచ్చారు. తొమ్మిదీ పావు. టేపక్క ఆ క్షణమే బీరువా తీసి గౌను ఇచ్చింది. లోపలికి వెళ్ళి తొడుక్కుని వచ్చిన కోడలి ముఖం చిన్నబోయింది. గౌను పక్కల దగ్గర బిగుతైపోయింది.

టేపక్క కంగారు పడలేదు. పక్క కుట్టు విప్పమని నాకు ఇచ్చింది. తిరగేసి చూస్తే లోపల నాలుగు వేళ్ళ వెడల్పున బట్ట మడిచి ఉంది. దాని మీద మూడు వరసల కుట్లు. నేను ఒక వరస విప్పాను. గౌను సరిగ్గా సరిపోయింది.

మిగిలిన రెండు వరసలేమిటని అత్తగారు అడిగింది.

"ఒకటి ఎనిమిదో నెలకు, ఒకటి తొమ్మిదో నెలకు."

"అయితే ఇంకా రెండుసార్లు తిరగాలన్నమాట" అని విసుక్కుంది అత్తగారు. విసుక్కుంటూనే స్టూలు లాక్కుని తీరిగ్గా కూర్చుంది.